రెండు సీట్ల కారు

చీర కొనేటప్పుడు కొట్లో దీపాల కింద చూసి మురిసిపోకూడదనీ, గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతుర్లో చూసుకోవాలనీ మన పెద్దవాళ్ళు చెబుతారు. కారు విషయంలోనూ ఆ మాట చెల్లుతుందని నేను పోయిన వేసవిలో ఇంగ్లండులో తెలుసుకున్నాను.

మా అక్కయ్య కూతురు లీడ్సు నగరంలో ఆస్పత్రి ఉద్యోగం చేస్తున్నది. ఇంట్లో ఒక పెద్ద కారుంది గాని అది అల్లుడు ఆఫీసుకు తీసుకుపోతాడు. ఈ పిల్ల బస్సులో వెళ్ళి వస్తూ, జీతంలో ఇంత అని మిగిల్చుకుంటూ, సొంతానికి ఒక చిన్న స్పోర్ట్సు కారు కొనుక్కోవాలని డబ్బు కూడబెట్టింది. కొత్తది కాదు లెండి, నాలుగైదేళ్ళు వాడిన బండి. నేను రెండు నెలలు ఉందామని వెళ్ళేసరికి ఇంట్లో అదే చర్చ.

ఆ చర్చలో మూడో మనిషి కూడా ఉంది. తెనాలిలో ఉన్న మా అక్కయ్య! రోజూ ఫోనులో అదే పాట. "పెళ్ళయి ఆరేళ్ళయింది. రెండు సీట్ల బండి ఎందుకే? రేపు ముగ్గురైతే ఏం చేస్తావు?" అమ్మాయి జవాబు చెప్పకుండా ఫోను నా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయేది. కొన్ని ప్రశ్నలు ఎక్కడ గుచ్చుకుంటాయో అడిగేవాళ్ళకు తెలియదు.

ఇంతకీ ఆ కారు సంగతి చెప్పనివ్వండి. అది జపాను దేశపు మాజ్దా కంపెనీవారి ఎమ్‌ఎక్స్-5. 1960 ప్రాంతాల ఇంగ్లీషువాళ్ళు తయారుచేసిన టాపులేని చిన్న కార్లను చూసి ముచ్చటపడి, అలాంటిదే నమ్మకంగా నడిచేది చేద్దామని మాజ్దావారు 1989లో దీన్ని తెచ్చారు. గుర్రమూ రౌతూ ఒకే ప్రాణంగా పోవాలన్నది వాళ్ళ సూత్రమట. 2016 నాటికి పది లక్షల బండ్లు తయారయ్యాయి. అమ్మాయి చూస్తున్నది 2015లో మొదలైన నాలుగో తరం బండి.

చిక్కల్లా ఇక్కడే వచ్చింది. ఆ నాలుగో తరంలోనే ఇంజన్లు రెండు, టాపులు రెండు. 1.5 లీటర్ల ఇంజను, 2 లీటర్ల ఇంజను. గుడ్డ టాపు ఒకటి, ఆర్ఎఫ్ అనే గట్టి టాపు ఒకటి. అల్లుడు రెండు లీటర్ల గట్టి టాపు బండి కావాలంటాడు. అమ్మాయి మనసు చిన్న ఇంజను గుడ్డ టాపు మీద ఉంది. "మీరు చెప్పండి అత్తయ్యగారూ, అదే డబ్బుకు ఒకటి రెండేళ్ళు పాతదైనా పెద్ద ఇంజను వస్తున్నప్పుడు చిన్నది కొంటారా ఎవరైనా?" అన్నాడు. నాకేం తెలుసు? తెల్ల కాగితమూ పెన్సిలూ తెమ్మన్నాను.

పచారీ పద్దు రాసినట్టు రాశాం. ఆస్పత్రికి ఏడు మైళ్ళు. పోనురాను 14. వారానికి ఐదు రోజులు లెక్కేస్తే 70, నెలకు 280 మైళ్ళు. అంతా నగరంలోనే, దీపదీపానికీ ఆగుతూ. నెలకు రెండు ఆదివారాలు యార్క్‌షైర్ డేల్సు అనే కొండలోయల్లోకి షికారు, ఒక్కొక్కసారి 100 మైళ్ళకు పైగా. లండను రహదారి మీద ప్రయాణం ఏడాదికి రెండుసార్లు, అదీ పెద్ద కారులోనే. ఈ కాగితం గోడకు అంటించి, ఇప్పుడు కార్ల గుణాలు చెప్పమన్నాను.

ఇద్దరూ కూర్చుని చెప్పినదాని సారాంశం ఇది. 2018లో మార్పులు చేసిన తరువాత రెండు లీటర్ల ఇంజను శక్తి 184 అశ్వశక్తి, చిన్నదాని శక్తి 132. నిలిచిన చోటి నుంచి 62 మైళ్ళ వేగం అందుకోవడానికి గుడ్డ టాపు బండిలో పెద్దదానికి సుమారు ఆరున్నర సెకన్లు, చిన్నదానికి ఎనిమిది సెకన్ల పైచిలుకు. పెట్రోలు కంపెనీ లెక్కన ఇంగ్లీషు గాలనుకు పెద్దది 41 మైళ్ళు, చిన్నది 45 మైళ్ళు ఇస్తుంది. నగరంలో రెండూ అంతకంటే తక్కువే ఇస్తాయనుకోండి. కనుక పెట్రోలు లెక్కతో ఈ తగవు తీరదు.

పెద్ద ఇంజను గొప్ప వేగంలో కంటే లాగుడులో ఉంది. కొండ ఎక్కేటప్పుడు గేరు మార్చకుండానే లాక్కుపోతుంది. చిన్నదానికి చుట్లు బాగా పెంచితేగాని పూర్తి బలం రాదు. గేరు దించాలి, మళ్ళీ ఎక్కించాలి. ఇంకొకటి, చేతి గేర్ల రెండు లీటర్ల బండిలో వెనక చక్రాలలో ఒకటి జారితే రెండో చక్రానికి బలం పోయేట్టు ఒక ఏర్పాటుంటుంది. వాన రోడ్డు మీద మలుపు తిరుగుతున్నప్పుడు అది అక్కరకొస్తుంది. మరి చిన్నదానికున్న లాభం? దాని చక్రాలు 16 అంగుళాలవి, పెద్దదానివి 17. చక్రం చిన్నదైతే టైరు గోడ ఎత్తుగా ఉండి గుంతల దెబ్బను కొంత తానే మింగుతుంది. నగరపు గుంతల్లో రోజూ తిరిగే నడుముకు అది వరం.

గట్టి టాపు మీట నొక్కితే పదమూడు సెకన్లలో తనంతట తాను మడుచుకుపోతుంది. కాని బండి నిలిచి ఉన్నప్పుడో, నడక వేగంలోనో మాత్రమే. మూసి ఉన్నప్పుడు రహదారి మీద రొద తక్కువ. తెరిచినప్పుడు వెనక కొమ్ములలాంటి భాగం అట్లాగే నిలబడి ఉంటుంది గనుక వేగంగా పోతుంటే గాలి హోరెత్తుతుంది. గుడ్డ టాపును చేత్తోనే తీయాలి. అద్దం పైన నడిమధ్య గొళ్ళెం ఊడదీసి, కూర్చున్న చోటి నుంచే వెనక్కు తోసేయవచ్చు. గొడుగు ముడిచినంత పని. డిక్కీ మాత్రం రెంటిలోనూ ఒకటే, 130 లీటర్లకు అటూ ఇటూ. రెండు చిన్న సంచులు పడతాయి. మన ఆవకాయ జాడీలకు చోటు లేదు!

రెండు బండ్లనూ నడిపి చూశాం. చూశామంటే, అమ్మాయి నడిపింది, నేను పక్క సీట్లో కూర్చున్నాను. ఎక్కడమంటే చాపమీద కూలబడినట్టే. దిగేటప్పుడు తలుపు పట్టుకుని మోకాళ్ళను బతిమాలుకోవాలి. పెద్ద బండి నగరంలో ఉరుములాంటి కుర్రాడు చేతులు కట్టుకు నిలబడ్డట్టుంది. ఊరు దాటి ఇల్క్‌లీ వైపు పోయినప్పుడు ఒక్కసారి కాలు నొక్కితే నా ప్రాణం గొంతులోకొచ్చింది. అంతలోనే మలుపు, రెండు పక్కలా రాతిగోడలు, ఎదురుగా గొర్రెలు! అమ్మాయి కాలు తీసేయక తప్పలేదు. అటువంటి రోడ్ల మీద చట్టం ఒప్పే వేగమే 60 మైళ్ళు. చాలాచోట్ల ఆ 60 కూడా వివేకం కాదు.

చిన్న బండిలో అదే దారిన పోయాం. గేరు మారుస్తూ, ఇంజను పాడుతుంటే, ఆమె ముఖం చూశాను. ఉన్న శక్తినంతా వాడుతోంది, అయినా భయపడే వేగం లేదు. పెద్దదాని శక్తిలో సగం ఎప్పుడూ పెట్టెలో తాళం వేసి ఉంచాల్సిందే. చిన్నదాని శక్తి ప్రతి మలుపులోనూ చేతికొస్తుంది.

అల్లుడు బుద్ధిమంతుడు. గోడ మీది కాగితం చూసి, "రహదారి ప్రయాణాలే ఎక్కువైతే నా మాటే నెగ్గేది" అన్నాడు. నిజమే. రోజూ రహదారి మీద యాభై మైళ్ళు పోయేవాళ్ళకు నేనైనా గట్టి టాపే చెబుతాను. రాత్రి బండి వీధిలో ఉండే ఇంటికీ అంతే. గుడ్డను కత్తితో కోయడం ఎంతసేపు? వీళ్ళింటికి షెడ్డుంది గనుక ఆ భయం లేదు.

కొనేముందు మూడు పరీక్షలు చేయించాం. ఆ దేశంలో శీతాకాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఇనుము తినేస్తుంది. అందుకని బండిని పైకెత్తించి అడుగుభాగం చూడమన్నాం. టాపు మడతల దగ్గర నీళ్ళు పోయే తూములు ఆకులతో పూడితే నీరు లోపలికి దిగుతుంది, తివాచీ కింద చెయ్యిపెట్టి తడి చూశాం. సర్వీసు పుస్తకంలో ముద్రలు వరసగా ఉన్నాయో లేదో చూశాం. బంగారం కొన్నా గీటురాయి మీద గీయకుండా కొంటామా?

బండి వచ్చిన మొదటి ఆదివారం బటర్‌టబ్సు అనే కనుమ ఎక్కాం. 500 మీటర్లకు పైబడిన ఎత్తు. పైన ఆపి, టాపు తీసి, మా అక్కయ్యకు ఫోను చేశాం. నేనే మొదలుపెట్టాను. "అక్కయ్యా, చిన్నప్పుడు నువ్వు సైకిలు నేర్చుకుంటానంటే నాన్నగారు వద్దన్నారు, జ్ఞాపకముందా?" అక్కయ్య చాలాసేపు పలకలేదు. తరువాత, "టాపు లేకపోతే గాలి బాగా తగులుతుందా?" అన్నది.

అమ్మాయి ఫోను లాక్కుంది. "నువ్వు రా అమ్మా. రెండో సీటు నీదే."

మా అక్కయ్య పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టిందని నిన్ననే తెలిసింది. మోకాళ్ళ సంగతి ఇంకా చెప్పలేదు.