పడవలో దీప మాఱినపుడు



విహారమునకై పడవ యెక్కువారు గాలిని, వానను గూర్చి విచారింతురు గాని పడవ కడుపులో దాగియున్న తీగలను గూర్చి విచారింపరు. అమెరికా మొదలగు దేశములలో సరస్సుల చెంత గాపురముండు మన తెలుగువారిలో కొందఱు సొంతముగా చిన్న విహారనౌకలను గొని యుంచుకొనుచున్నారు. ఇక్కడ గోదావరిపై పాపికొండలు చూడబోవు పడవలలోను దీపములు, పంఖాలు, పాటల యంత్రములు విద్యుచ్ఛక్తితోడనే నడచును. దీప మాఱినను, పంపు తిరుగకున్నను ఏమి చేయవలెనో ఇల్లాలికి దెలిసియుండుట మేలు. ఏలయన, నడినీట పనివాడు దొరకడు. పిల్లలు మాత్రము మన యొడిలోనే యుందురు.

వైద్యశాస్త్రమున చికిత్సకు ముందు నిదానము విధింపబడినది. రోగమూలము నెఱుగుటకు నిదానమని పేరు. తెలుగున నెమ్మదికిని అదియే పేరు. ఈ రెండర్థములును పడవ తీగలకు చక్కగా దగును. దీప మాఱగానే కొత్త బ్యాటరీ కొనువారు కలరు. తఱచుగా దోషము బ్యాటరీయం దుండదు. తీగలు గలియు చోట నుండును.

చిన్న పడవలలో సాధారణముగా 12 వోల్టుల బ్యాటరీ యుండును. దాని యెఱ్ఱ కొననుండి బయలుదేఱిన విద్యుత్తు పెద్దస్విచ్చిని, ఫ్యూజును, చిన్నస్విచ్చిని దాటి దీపమును జేరి, వేఱొక తీగవెంట నల్ల కొనకు మరల వచ్చును. ఇది గుడిచుట్టు ప్రదక్షిణమువంటిది. బయలుదేఱిన చోటికి మరల వచ్చిననే పూర్తి యగును. పోవుదారి సరిగానున్నను వచ్చుదారి తెగినచో దీపము వెలుగదు. ఈ వచ్చుదారిని పరీక్షించుట చాలమంది మఱతురు.

తీగలు చెడుటకు పడవలో ముఖ్యకారణములు తేమ, ఉప్పు, కుదుపు. కుదుపు మరసీలలను వదులుచేయును. తేమయు నుప్పును రాగికి చిలుము బట్టించును. చిలుము పట్టిన పూజపాత్రలను చింతపండుతో దోముదుము గాని తీగల కట్లు చేయరాదు. ఆ పులుపు మిగిలి తీగను మఱింత తినివేయును. చెడిన కొనను గోసివేసి, నిగనిగలాడు రాగి కనబడునట్లు పైపొర నొలిచి, కొత్తగా బిగింపవలెను. తగరపు పూతగల రాగితీగలు పడవలలో నెక్కువకాలము మన్నును.

తీగలపై చేయి వేయుటకు ముందు రెండు జాగ్రత్తలు. పెట్రోలు వాసన వచ్చుచున్నచో ఏ స్విచ్చిని ముట్టరాదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది గావున పడవ యడుగున నిలిచియుండును. చిన్న నిప్పురవ్వ చాలును. తలుపులు తెఱచి గాలి యాడనిచ్చిన పిమ్మటనే పని మొదలిడవలెను. రెండవది, బంగారు గాజులు, ఉంగరములు. బ్యాటరీ రెండు కొనలకును గాజు తగిలినచో క్షణములో నెఱ్ఱగా కాలి చేతిని గాల్చును. తీయుట యిష్టము లేనివారు చేతికి పొడిగుడ్డ దట్టముగా జుట్టుకొనవలెను. బ్యాటరీ తీగలను విప్పునప్పుడు నల్లదానిని ముందు విప్పి, బిగించునప్పుడు చివర బిగింపవలెను.

ఇక నిదానము. అన్ని దీపములు నాఱినవా, ఒక్కటే యాఱినదా యని మొదట చూడుడు. తర్కశాస్త్రమున అన్వయవ్యతిరేకములని రెండు కలవు: ఇది యున్నచో నది యుండుట, ఇది లేనిచో నది లేకుండుట. అన్నియు నాఱినచో దోషము అన్నిటికిని సామాన్యమైన చోట, అనగా బ్యాటరీయందో, దాని కొనలయందో, పెద్దస్విచ్చియందో వెదకవలెను. ఒక్కటే యాఱి తక్కినవి చక్కగా వెలుగుచున్నచో బ్యాటరీ నిర్దోషి. ఆ దీపపు ఫ్యూజు, స్విచ్చి, బల్బు, అతుకులే విచారింపదగినవి. వెలుగుచున్న బల్బును దెచ్చి ఆఱినచోట బెట్టిచూచిన నొక సందేహము దీఱును.

వోల్టులు కొలుచు చిన్న మీటరు నొకదానిని పడవలో నుంచుకొనవలెను. నిండిన సీసపు బ్యాటరీ కొన్ని గంటలు ఊరకయున్న పిమ్మట 12.6 లేక 12.7 వోల్టులు చూపును. 12.2 చూపిన ఇంచుమించు సగమే మిగిలినదనియు, 11.9కు దిగిన నిండుకొన్నదనియు గ్రహింపవలెను. ఇంజను నడచునప్పుడు 14కు సమీపముగా నుండవలెను. లేనిచో బ్యాటరీకి తిండి యందుటలేదు.

తీగలను పరీక్షించునప్పుడు స్విచ్చి వేసియుండగానే కొలువవలెను. కుళాయి కట్టియున్నప్పుడు గొట్టములోని చెత్త సంగతి తెలియదు; విప్పినప్పుడు ధార సన్నగిల్లుటచే తెలియును. చెడిన అతుకును అట్లే. విద్యుత్తు పాఱునప్పుడుగాని బయటపడదు. మీటరు నల్లకొనను బ్యాటరీ నల్లకొనపై నుంచి, ఎఱ్ఱకొనను ఫ్యూజుకు ముందు, వెనుక, స్విచ్చికి ముందు, వెనుక, తుదకు దీపముకడ వరుసగా దాకింపుడు. 12.5గా నున్న అంకె యెచ్చట 10కి పడిపోవునో ఆ రెండు చోట్ల నడుమనే దొంగ దాగియున్నాడు. దీపమువఱకు సరిగానుండియు వెలుగనిచో, దీపమునుండి మరలు నల్లతీగను దాకి చూడుడు. అచ్చట సున్నకు సమీపముగా నున్న బల్బు చెడినది; పెద్ద అంకె వచ్చిన వచ్చుదారి తెగినది.

ఫ్యూజు కాపాడునది ముఖ్యముగా తీగను. 5 ఆంపియర్ల ఫ్యూజు పోయినచో 5 ఆంపియర్లదే యొకమాఱు వేయవచ్చును. అదియు బోయినచో దోషము దొరకువఱకు ఆ స్విచ్చిని ముట్టరాదు. దానికి మాఱుగా 15 ఆంపియర్లది వేయుటయు, వెండికాగితము చుట్టుటయు తీగనే దీపపువత్తిగా జేయుట. 2018 మే నెలలో పాపికొండల విహారమునకు బోవు పడవ యొకటి దేవీపట్నము ప్రాంతమున గోదావరిపై తగులబడినది. ప్రయాణికులు ప్రాణములతో నొడ్డుచేరిరి. విద్యుద్దోషము కారణమై యుండవచ్చునని నాటి వార్తలలో వచ్చినది. చుట్టును నీరున్నను నిప్పు నిప్పే.

దీప మాఱిన చీకటి యగును. అడుగునీటిని దోడు పంపు ఆగిన పడవయే మునుగును. నీరు పెరిగినప్పుడు తేలుబెండు లేచి ఈ పంపును నడుపును. పెద్దస్విచ్చి నాపినను ఇది పనిచేయునట్లు వేఱు ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి గలిపియుంచుదురు. ప్రయాణమునకు ముందు బెండును చేతితో లేపి పంపు తిరుగుచున్నదో లేదో వినుడు. ఇది క్షణకాలపు పని.

ఇంతవఱకు చెప్పినది 12 వోల్టుల సంగతి. ఒడ్డున గట్టిన పడవకు రేవునుండి యిండ్లలోని విద్యుత్తును దెచ్చుకొనుట గలదు. అమెరికాలో నది 120 వోల్టులు, మన దేశమున 230. దానిని శిక్షణ పొందినవారు తప్ప ముట్టరాదు. తీగ దోషముచే ఆ విద్యుత్తు నీటిలోనికి దిగినచో పైకి ఏమియు గనబడదు. మంచినీటికంటె మనుష్యదేహమునందు విద్యుత్తు సులభముగా పాఱును గావున, సరస్సులలో నిది మఱింత ప్రమాదము. ఆంపియరులో నూఱవవంతు దేహమున బాఱినను కండరములు స్వాధీనము దప్పవచ్చును. ఈత నేర్చినవాడును మునిగిపోవును.

కావున విద్యుత్తు గల రేవుకడ పిల్లల నీదనీయకుడు. నీటిలో చిమచిమలాడినట్లు తోచిన రేవునకు దూరముగా ఈదిపోవలెనని వారికి నేర్పుడు. ఎవరైన నట్లు చిక్కుకొన్నచో మీరు దుముకకుడు. మొదట ఒడ్డునందలి విద్యుత్తు నాపించి, త్రాడో తేలు చక్రమో విసరుడు. ప్రేమచే దుమికినవారును ఆ నీటిలోనే చిక్కుకొందురు. స్విచ్చి నాపినచేయియే రక్షించును.