చౌక చేపకు కొత్త రూపం: ఆ పళ్లెం ఎవరిది?

వలలో పడుతున్నా బజారులో తగిన వెల పలకని చేపలను, సోయా, పెసర, శనగ వంటి పంటల నుంచి తీసిన మాంసకృత్తులను వేడిచేసుకుని తినగల సిద్ధాహారంగా మలచాలన్న ఆలోచన దేశంలో క్రమంగా బలపడుతోంది. ఇందుకు అవసరమైన పరిజ్ఞానం చాలావరకు అందుబాటులోనే ఉంది. పన్ను భారం తగ్గింది. ప్రభుత్వ విధానమూ అనుకూలంగా మారింది. అయితే ఈ ఆహారం చివరకు ఎవరికి చేరాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. మత్స్యరంగ భవిష్యత్తుతో పాటు పేద కుటుంబాల పోషణ కూడా ఈ ప్రశ్నతో ముడిపడి ఉంది.

దిగుబడి ఘనం, పోషణ స్వల్పం

చేపల ఉత్పత్తిలో భారత్‌ది ప్రపంచంలో రెండో స్థానం. 2022-23లో దేశంలో 175 లక్షల టన్నులకు పైగా చేపలు ఉత్పత్తి అయ్యాయి. రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ అగ్రస్థానంలో ఉంది. 2023-24లో 17.81 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తుల ఎగుమతి ద్వారా రూ.60,523 కోట్ల రాబడి లభించింది. ఇందులో సింహభాగం శీతలీకరించిన రొయ్యలదే.

నాణేనికి మరోవైపు చూస్తే, 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మందికి వయసుకు తగిన ఎత్తు లేదు. 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ లోటును పూడ్చగల పోషకాలు చిన్న చేపల్లో పుష్కలంగా ఉన్నా, ట్రాలర్ల వలల్లో పడే తక్కువ ధర చేపల్లో గణనీయమైన భాగం మనుషుల పళ్లేలకు చేరడం లేదు. వ్యాపార పరిభాషలో ‘చెత్త చేప’గా ముద్రపడిన ఈ సరుకు ఫిష్‌మీల్ మిల్లులకు తరలి, చేపలకు, రొయ్యలకు, కోళ్లకు మేతగా మారుతోంది. ఒక కిలో ఫిష్‌మీల్ తయారీకి సుమారు నాలుగు నుంచి ఐదు కిలోల పచ్చి చేప కావాలి.

పరిజ్ఞానం పాతదే

తక్కువ ధర చేపకు విలువ జోడించే ప్రయత్నాలు కొత్తవి కావు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ దశాబ్దాలుగా ఈ రంగంలో పనిచేస్తోంది. దీనికి విశాఖపట్నంలోనూ పరిశోధన కేంద్రం ఉంది. చేప కూరను రిటార్ట్ పొట్లాల్లో సుమారు 121 డిగ్రీల సెల్సియస్ వద్ద శుద్ధి చేసి, ఫ్రిజ్ అవసరం లేకుండా నెలల తరబడి నిల్వ ఉంచే విధానాన్ని ఈ సంస్థ అభివృద్ధి చేసింది. చేప సూపు పొడి, పిండిలో చేప మాంసం కలిపి తయారుచేసే కరకరలాడే చిరుతిండి కూడా దాని కృషి ఫలితాలే.

జపాన్‌లో పుట్టిన సురిమి మరో మార్గం. చేప మాంసాన్ని ముద్దగా చేసి, పలుమార్లు కడిగి, శీతలీకరించి నిల్వచేస్తారు. వాసన, రంగు తగ్గిన ఆ ముద్దను ఏ రూపంలోకైనా మలచవచ్చు. భారత్ సురిమిని విదేశాలకు ఎగుమతి చేస్తున్నా దేశీయ వంటింట్లో దానికి చోటు దక్కలేదు.

అయితే తయారీ విధానాన్ని బట్టి పోషక విలువ మారుతుందన్న సంగతి తరచూ విస్మరణకు గురవుతోంది. నెత్తళ్ల వంటి చిన్న చేపలను తల, ముల్లుతో సహా తింటారు. వాటిలోని కాల్షియం చాలావరకు ముల్లులోనే ఉంటుంది. సురిమి తయారీలో ముల్లు తొలగిపోతుంది. కడిగిన నీటితో పాటు కొన్ని మాంసకృత్తులు, ఖనిజాలు కూడా పోతాయి. మొత్తం చేపను ఎండబెట్టి చేసిన పొడిలో ఈ నష్టం తక్కువ. నగరవాసి రుచికి సురిమి నప్పితే, పసిపిల్లల పోషణకు పొడే మేలు.

మీల్ మేకర్ చెప్పే పాఠం

ప్రత్యామ్నాయ మాంసకృత్తులు తెలుగువారికి అపరిచితం కావు. నూనె తీసిన సోయా పిండితో తయారయ్యే మీల్ మేకర్ దశాబ్దాలుగా కూరల్లో, బిర్యానీల్లో స్థానం సంపాదించుకుంది. అది మాంసంలా నటించినందువల్ల కాదు, చవకగా దొరికి, చెడిపోకుండా నిల్వ ఉండి, మసాలాను పీల్చుకున్నందువల్లే నిలిచింది. ఇందుకు భిన్నంగా, మాంసానికి నకలుగా అధిక ధరకు వచ్చిన ఉత్పత్తులు విదేశాల్లోనే తడబడ్డాయి. 2019లో అమెరికా స్టాక్ మార్కెట్‌లో ఆర్భాటంగా అడుగుపెట్టిన బియాండ్ మీట్ సంస్థ తదుపరి సంవత్సరాల్లో అమ్మకాలు తగ్గి నష్టాలను చవిచూసింది.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘బయోఈ3’ విధానం స్మార్ట్ ప్రొటీన్లను ప్రాధాన్య అంశాల్లో చేర్చింది. అదే ఏడాది జనవరిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, నీట్ మీట్ బయోటెక్ అనే అంకుర సంస్థతో కలిసి ప్రయోగశాలలో చేప మాంసాన్ని పెంచేందుకు ఒప్పందం చేసుకుంది. తొలి దశకు ఎంచుకున్నవి చందువ, వంజరం వంటి ఖరీదైన చేపలు. శాస్త్రపరంగా ఇది ముందడుగే అయినా పేదల పోషణతో దీనికి ఇప్పట్లో సంబంధం ఉండకపోవచ్చు.

2025 సెప్టెంబరు 22 నుంచి సిద్ధం చేసిన లేదా నిల్వచేసిన చేప ఉత్పత్తులపైనా, సోయా వడియాల పైనా జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. చేపను, సోయాను కలిపిన ఉత్పత్తులకు ఈ ఊరట కలిసివస్తుంది. అయితే అటువంటి పొట్లంపై మాంసాహార గుర్తుతో పాటు చేప, సోయా రెండూ అలర్జీ కారకాలన్న సమాచారం కూడా స్పష్టంగా ఉండాలి.

అసలు చిక్కు

విధానకర్తలు ‘వినియోగం తక్కువ’ అనుకునే చేపలన్నీ నిజంగా వినియోగం లేనివి కావు. కవ్వళ్లు, నెత్తళ్లు, సావడాయిలు తీరప్రాంత పేదలకు నిత్యాహారం. వాటిని రేవులో కొని, ఎండబెట్టి, సంతల్లో అమ్మేవారిలో అధికులు మహిళలు. కర్మాగారాలు అదే సరుకు కోసం రేవుకు వస్తే ధర పెరుగుతుంది. అది మత్స్యకారునికి లాభమే. కానీ ఎండుచేపతో సరిపెట్టుకునే ఇల్లాలికి, చిన్న పెట్టుబడితో బతికే అమ్మకందారుకు అది దెబ్బ. అందువల్ల కొత్త పరిశ్రమ ఫిష్‌మీల్ మిల్లుల వాటా నుంచి సరుకు తీసుకోవాలే తప్ప సంతల వాటా నుంచి కాదు. మేతలో ఫిష్‌మీల్‌కు బదులు సోయా, కీటకాల ఆధారిత మాంసకృత్తులను పెంచితే ఆ చేప మనుషుల ఆహారానికి మిగులుతుంది. రొయ్యల సాగుకు కేంద్రమైన ఆంధ్రప్రదేశ్‌కు ఇది నేరుగా వర్తించే అంశం.

రెండో ప్రమాదం పిల్ల చేపలది. ‘చెత్త చేప’ గుట్టల్లో విలువైన జాతుల పిల్లలూ కలిసి ఉంటాయి. వాటికి గిరాకీ పెరిగితే రేపటి దిగుబడికే ముప్పు. కేరళ 2015లోనే కనీస పరిమాణ నిబంధన తెచ్చి ఈ వేటకు కళ్లెం వేసే ప్రయత్నం చేసింది. ఒకే జాతిపై ఆధారపడడం కూడా క్షేమం కాదు. కేరళలో నూనె కవ్వళ్ల దిగుబడి 2012లో సుమారు 4 లక్షల టన్నులుండగా, 2021లో 4 వేల టన్నుల లోపునకు పడిపోయింది.

తొలి కొనుగోలుదారు ఎవరు?

పొరుగు అనుభవాలు దారి చూపుతున్నాయి. బంగ్లాదేశ్‌లో పెద్ద చేపలతో పాటు విటమిన్-ఎ దండిగా ఉండే మోలా అనే చిన్న చేపను చెరువుల్లో పెంచే విధానాన్ని ప్రోత్సహించిన పోషకాహార శాస్త్రవేత్త శకుంతలా థిల్‌స్టెడ్‌కు 2021లో ప్రపంచ ఆహార పురస్కారం లభించింది. ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లాలో అంగన్‌వాడీల ద్వారా ఎండుచేప ఉత్పత్తులను ప్రయోగాత్మకంగా అందించారు.

చేప తినే కుటుంబాల సమ్మతితో ఇటువంటి పథకాలను విస్తరిస్తే పరిశ్రమకు స్థిరమైన గిరాకీ, పిల్లలకు పోషణ రెండూ సమకూరుతాయి. ఇందుకు చేప కనీస పరిమాణం, ఉప్పు మోతాదు, పరిశుభ్రతలపై ముందే నిబంధనలు ఉండాలి. రేవుల్లో ఎండుచేప అమ్మే మహిళా సంఘాలకు సరఫరాలో వాటా దక్కాలి. ఈ ఏర్పాట్లు జరగకుండా పరిశ్రమ ఎదిగితే, నేడు మేతగా పోతున్న చేప రేపు సూపర్‌మార్కెట్ల శీతల అరల్లోకి మాత్రమే చేరుతుంది. అది అవసరమైన పిల్లలకు మాత్రం ఇప్పటిలాగే అందదు.