పాత యంత్రములు, క్రొత్త రాకెట్టు

పాత యిల్లు విప్పినవాడు టేకు దూలములను పొయ్యిలో పెట్టడు. క్రొత్త యింటికి వాడుకొనును. స్పేస్ షటిలును విరమింపనున్న అమెరికాకును ఈ యూహయే తోచినది. షటిలు సామగ్రిని సాధ్యమైనంతవరకు వినియోగించి, భూకక్ష్యను దాటిపోగల మహారాకెట్టును నిర్మింపవలెనని 2010లో ఆ దేశపు శాసనసభ నాసా సంస్థను చట్టముద్వారా ఆదేశించెను. 2016 అంతమునకు అది సిద్ధము కావలెనని గడువు. అది తొలిసారి యెగిరినది 2022 నవంబరు 16న! ఓరయను నౌకతోను, భూతల సాధనములతోను గూడ మొదటి 4 యాత్రలలో ఒక్కొక్కదానికి 410 కోట్ల డాలర్లగునని నాసా తనిఖీ అధికారియే ఆ యేడు లెక్కగట్టెను.

పాతసరకుతో చేసినదానికి ఇంత వ్యయమేల? షటిలు తొట్టి ఇంధనమును మాత్రమే మోసెడిది. యంత్రములు ప్రక్కనున్న విమానమునకు ఉండెడివి. ఇపుడు యంత్రములు తొట్టి క్రిందను, భారమంతయు దాని నెత్తిపైనను చేరినవి. కావున 8.4 మీటర్ల వ్యాసము నిలిచినదిగాని నిర్మాణమంతయు మారినది. ప్రక్క బూస్టర్లు 4 ఖండములనుండి 5 ఖండములకు పెరిగినవి. పేరు పాతది, పని క్రొత్తది.

యంత్రముల కథ మఱింత విచారకరము. అవి మరల మరల ఎగురుటకే నిర్మింపబడినవి. తొలి రాకెట్టునకు బిగించిన నాలుగింటిలో రెండు 2011 జూలైలో షటిలు కడపటి యాత్రలో పనిచేసి క్షేమముగా నేలకు దిగివచ్చినవే. అట్టివానిని ఒక్క ప్రయాణముతో సముద్రమున ముంచిరి. దీనిని పొదుపని మే మనజాలము. పనివాండ్ర నేర్పు చెదరిపోరాదను వాదమున బలము లేకపోలేదు. కాని అదియే ఉద్దేశమైనచో ఆ మాటనే ప్రజలకు చెప్పవలసియుండెను.

పాతదానిపై క్రొత్తది కట్టుటను మేము నిరసించుటలేదు. మన శ్రీహరికోటనుండి 1980లో రోహిణిని మోసిన యస్.యల్.వి.-3 మొదటి అంతస్తు మోటారే పిదప పి.యస్.యల్.వి.కి ప్రక్కబలమైనది. పి.యస్.యల్.వి. రెండవ అంతస్తులోని వికాస్ యంత్రము 2001లో జి.యస్.యల్.వి.కిని ఉపయోగపడినది. అచ్చట గిడ్డంగిలోని మిగులును ఖర్చుచేయలేదు. చేయుట ఎఱిగిన వస్తువును మరల చేసికొనిరి. మోటారు ఒక్కసారికే ఉద్దేశింపబడినది గనుక, కాలిపోయినను నష్టము లేదు.

అమెరికా మహారాకెట్టునకు లభించిన షటిలు యంత్రములు 16. యాత్రకు 4 చొప్పున నాలుగు యాత్రలతో సరి. తరువాతివి క్రొత్తగా పోతపోయవలసినవే. ఒక్కొక్కదాని వెల సుమారు 10 కోట్ల డాలర్లు.