పొయ్యి వెలిగించని పండుగ తీపి



సెలవులకు మా అబ్బాయి ఇంటికి వచ్చి, అమెరికాలోని బెంటన్‌విల్ పట్టణం నుండి మన తరగతి పత్రికకు ఈ మాటలు వ్రాస్తున్నాను. 1950లో శామ్ వాల్టన్ అనే వర్తకుడు ఈ ఊరి కూడలిలో ఒక చిన్న దుకాణం తెరిచాడు. ఆయన వ్యాపారమే పెరిగి వాల్‌మార్ట్ అయింది. దాని ప్రధాన కార్యాలయం నేటికీ ఇక్కడే ఉంది. ఆ కొలువుల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ ఊరిలో చాలా ఉన్నాయి.

ఈ 2026లో ఉగాది మార్చి 19న, ఈస్టర్ ఏప్రిల్ 5న వచ్చాయి. అందుచేత ఉగాది నాటికే ఇక్కడి అంగళ్ళలో గుడ్ల ఆకారంలోను, కుందేళ్ళ ఆకారంలోను చాక్లెట్లు రాశులుగా పేర్చి ఉన్నాయి. పిల్లలు అడుగుతారు. కొందరు పెద్దలు "ఇది మన తిండి కాదు" అని కసురుకుంటారు, కొందరు కొనిచ్చి ఊరకుంటారు. మన దేశంలోనూ ఇదే తంతు. ఈ రెండూ నాకు సమ్మతం కావు. చాక్లెట్‌ను పండుగ ఇంటిలోకి రానివ్వండి, కాని దానిని పిల్లలచేతనే చేయించండి.

మన తిండి కాదనేవారికి ఒక మాట. 1990 ప్రాంతంలో మలేషియా ఏటా రెండు లక్షల టన్నులకు పైగా కోకో గింజలు పండించింది. మన తెలుగువారు విరివిగా స్థిరపడిన బాగన్ దాతో ప్రాంతంలో కొబ్బరిచెట్ల నీడన కోకో పెంచేవారు. మా అమ్మ తోటలో కోకోకాయలు కోసి, పగులగొట్టి, తెల్లని గుజ్జుతో సహా గింజలను తీసి బుట్టలకు ఎత్తేది. వాటిని పులియబెట్టి ఎండబెట్టేవారని ఆమెకు తెలుసు. ఆ పిమ్మట అవి ఏమయ్యేవో తెలియదు. చాక్లెట్ మా ఇంటి గడప తొక్కలేదు. ఆమె మనుమలు ఆ కోకోను తమ చేతులతో ఉండకడితే అందులో పరాయితనం ఎక్కడున్నది?

నిప్పుతో పనిలేని వంట కూడా మనకు కొత్త కాదు. ఉగాది పచ్చడికి పొయ్యి అక్కరలేదు. శ్రీరామనవమి నాటి పానకానికీ వడపప్పుకూ అక్కరలేదు. పచ్చి చలిమిడి సరేసరి.

చేయు విధానం మిక్కిలి సులభం. 200 గ్రాముల మారీ బిస్కట్లను మెత్తగా దంచి జల్లించండి. అందులో మూడు పెద్ద చెంచాల కోకోపొడి కలపండి. ఈ దశలో చిటికెడు కోకో పిల్లల నాలుకమీద వేసి "ఇది ఏ రుచి?" అని అడగండి. చేదు అంటారు. వేపపువ్వును తప్పించుకొని తిరిగే పిల్లలు కూడా ఈ చేదుకు నవ్వుతారు! తరువాత గట్టి తీపిపాలను, అనగా కండెన్స్‌డ్ మిల్క్‌ను, కొద్దికొద్దిగా పోస్తూ పిసకండి. సుమారు 200 గ్రాములు పడుతుంది. ముద్ద చేతికి అంటకుండా ఉన్నప్పుడు ఆపి, ఉసిరికాయంత ఉండలు కట్టి, కొబ్బరికోరులో దొర్లించండి. ఇక్కడి చలికి బల్లమీదనే గట్టిపడతాయి. మన ఎండకు అరగంట ఫ్రిజ్‌లో పెట్టవలసిందే. పచ్చికోరు వాడితే రెండు రోజులకు మించి ఉంచకండి.

చాక్లెట్ పూత కూడా కావాలంటే ఆ భాగం పెద్దలు చేయాలి. గిన్నెను వేడినీటి పాత్రపై ఉంచి కరిగించండి. ఒక్క నీటిబొట్టు పడినా చాక్లెట్ గడ్డకట్టి ఇసుకవలె అవుతుంది.

నాకు ఇందులో మరొక స్వార్థం ఉంది. ఇక్కడి మా మనుమడికి "తిను", "రా", "పడుకో" తెలుసు. "జల్లించు" అనే మాట తెలియదు. జల్లెడ చేతికిచ్చి మూడుసార్లు చెప్పాను, నాలుగవసారి వాడే తన చెల్లెలికి చెప్పాడు. నల్లబల్లమీద వ్రాసి ఇన్నేళ్ళు బోధించిన నాకు ఆ వేగం అసూయ కలిగించింది. దంచు, పిసుకు, ఉండకట్టు, దొర్లించు అనే ఈ క్రియలు మన పాఠ్యపుస్తకంలో వరుసగా ఎక్కడా కనబడవు. వంటింటిలో ఒక్క పూటలో వస్తాయి. కనుక తల్లిదండ్రులారా, ఆ గంటసేపు దయచేసి తెలుగులోనే మాట్లాడండి.

విద్యార్థులారా, సెలవుల తరువాత మీరు చేసిన విధానాన్ని పది వాక్యాలలో వ్రాసి తరగతికి తెండి. ఉండలు కూడా తెస్తే నాకు అభ్యంతరం లేదు. వేరుశనగపప్పు కలిపినవారు మాత్రం ముందుగా చెప్పండి, అది పడని పిల్లలు ఉంటారు.