పేర్లు కాదు, మనిషి గుర్తుండాలి

అమెరికాలో క్లినికల్ సోషల్ వర్కర్ లైసెన్సు కోసం చదువుతున్నవాళ్లలో ఇప్పుడు మనవాళ్లూ కనిపిస్తున్నారు. అది తేలిగ్గా దక్కేది కాదు. కాలిఫోర్నియాలో అయితే మాస్టర్స్ డిగ్రీ అయ్యాక, అనుభవం ఉన్నవాళ్ల పర్యవేక్షణలో 3,000 గంటలు పనిచేసి, ఆ పైన క్లినికల్ పరీక్ష గట్టెక్కాలి. ఇంత దూరం వచ్చినవాళ్లు కూడా కాగ్నిటివ్, బిహేవియరల్ థెరపీల దగ్గర మనకు ఎంసెట్ నాటి నుంచి అలవాటైన దారే పడుతున్నారు. పావ్‌లోవ్ అంటే కుక్క, స్కిన్నర్ అంటే రివార్డు, ఎల్లిస్ అంటే ఏ-బి-సి, బెక్ అంటే ఆలోచన. కార్డులు, బిట్లు, మాక్ టెస్టులు. కష్టపడటంలో లోటేమీ లేదు. కానీ ఈ చదువు పరీక్షకే చాలదు, రేపు చేయబోయే పనికి అసలే చాలదు.

ప్రశ్నపత్రం ఒక మనిషి కష్టాన్ని నాలుగు వాక్యాల్లో చెప్పి, ‘సోషల్ వర్కర్ ముందుగా ఏం చేయాలి?’ అని అడుగుతుంది. ఇచ్చిన జవాబులన్నీ మంచివిగానే కనిపిస్తాయి. అక్కడ పేర్లు ఆదుకోవు. కాబట్టి ఒక మనిషిని ఎదురుగా పెట్టుకుని చదవాలి.

పెళ్లయి కొత్తగా వచ్చిన ఒకమ్మాయిని ఊహించుకోండి. ఫ్రీవే మీదికి ఎక్కుతుంటే పక్కనే పెద్ద ట్రక్కు వచ్చింది. గుండె దడదడలాడింది, చేతులకు చెమటలు పట్టాయి. అప్పటి నుంచి ఎంత దూరమైనా లోపలి రోడ్లే. ఫ్రీవే మలుపు దాటేసిన ప్రతిసారీ ప్రాణం కుదుటపడుతుంది. ఆ కుదుటపడటమే ఆమె భయాన్ని పెంచి పోషిస్తోంది. నెగటివ్ రీయిన్‌ఫోర్స్‌మెంట్ అంటే ఇదే. ‘నెగటివ్’ అనగానే శిక్ష అనుకుని మార్కు పోగొట్టుకునేవాళ్లున్నారు. శిక్ష ఒక ప్రవర్తనను తగ్గిస్తుంది, ఇది పెంచుతుంది. బాధ తొలగడమే ఇక్కడ బహుమతి.

ఇదే అమ్మాయి జోసెఫ్ వోల్పే దగ్గరికి వెళ్తే? 1958లో వచ్చిన పుస్తకంలో ఆయన వివరించిన పద్ధతి ప్రకారం ముందు ఒళ్లు సడలించుకోవడం నేర్పుతారు. భయాలను చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా రాయించి, ఒక్కొక్కటే ఊహించుకోమంటారు. ఆల్బర్ట్ ఎల్లిస్ లెక్కలో ఫ్రీవే ‘ఏ’, భయం ‘సి’. మధ్యలో ‘నేను తడబడకూడదు, తడబడితే భరించలేను’ అన్న నమ్మకం ‘బి’. ఆయన నేరుగా ఆ నమ్మకంతోనే వాదానికి దిగుతారు. ఆరన్ బెక్ అయితే వాదం పెట్టుకోరు. ‘కారు అదుపు తప్పుతుందని అనిపించింది కదా, ఇప్పటిదాకా ఎన్నిసార్లు తప్పింది? ఒక్క ఎగ్జిట్ దాకా వెళ్లి చూస్తారా?’ అన్న తరహాలో అడుగుతారు. ఒకే భయానికి మూడు దారులు. ఇలా చదివినవాళ్లకు ఏ సిద్ధాంతం ఎవరిదో విడిగా కంఠస్థం చేయాల్సిన పని ఉండదు.

బెక్ దారి మనవాళ్ల విషయంలో మరీ అవసరం. విడాకులు తీసుకున్న ఒకావిడ ‘నలుగురూ ఏమనుకుంటారో’ అని కుమిలిపోతుంటే, పుస్తకాల్లోని ఆలోచనా లోపాల జాబితా చూసి దానికి ‘మైండ్ రీడింగ్’ అని పేరు పెట్టేయవచ్చు. కానీ మన ఇళ్లలో నలుగురూ నిజంగానే అనుకుంటారు, మొహం మీదే అనేస్తారు కూడా. మీ ఆలోచనే తప్పు అని తేల్చేస్తే ఆవిడ మళ్లీ రాకపోవచ్చు. ఎవరు, ఏమన్నారు? వాళ్లలో ఎవరి మాట మీకు ముఖ్యం? అన్నంత మాత్రాన ఏం జరిగింది? ఇవన్నీ ఆవిడతో కలిసి కూర్చుని చూడాలి. ఇద్దరూ కలిసి ఆలోచనను పరీక్షకు పెట్టడమే బెక్ పద్ధతికి ప్రాణం.

చదివేవాళ్లు ఈ సిద్ధాంతాలను తమ మీదా ప్రయోగించుకోవాలి. పరీక్ష తేదీ వాయిదా వేసినప్పుడు మనసు తేలికపడితే, ఆ తేలికే మరో వాయిదాకు పునాది. తేదీ ఖాయం చేసుకుని, గడియారం పెట్టుకుని మొదట పది ప్రశ్నలు, తర్వాత పాతిక, తర్వాత యాభై చేస్తూ పోండి. తప్పిన ప్రతి ప్రశ్నకూ సరైన జవాబు రాసుకుని ఊరుకోకుండా, ఆ మనిషిలో ఏం జరుగుతోందో రెండు వాక్యాల్లో తెలుగులో రాయండి. తెలుగులో చెప్పలేకపోతే అది ఇంకా అర్థం కానట్టే. రేపు మీ ముందు కూర్చునే పెద్దావిడకు ఇంగ్లిష్ రాకపోవచ్చు, ఆవిడ భయాన్ని ఆవిడ భాషలోనే విడమరిచి చెప్పాల్సింది మీరే.