మాల తీసిన మర్నాడు

జాతీయ రహదారికి మద్యం దుకాణం ఎంత దూరంలో ఉండాలో సుప్రీంకోర్టు మీటర్లలో చెప్పింది. 2016 డిసెంబరు తీర్పు 500 మీటర్లంది. జనాభా 20 వేలు దాటని చోట 220 చాలని 2017 మార్చి 31న సడలించింది. హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీదున్న కీసర లాంటి ఊళ్లు ఈ రెండో లెక్క కిందికే వస్తాయి. మరి మందు మానాలనుకున్న మనిషి సాయం కోసం ఎంత దూరం పోవాలి? ఆ కొలత ఎవరికీ పట్టలేదు.

మన మద్యం రాజకీయమంతా అమ్మకం చుట్టూనే తిరిగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో సారా పోయింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు. 2019లో సర్కారీ దుకాణాలు, 2024 అక్టోబరులో మళ్లీ 3,396 ప్రైవేటు దుకాణాలు, వాటితోపాటు 99 రూపాయల క్వార్టరు. అమ్మేవాడు మారాడు, ధర మారింది. తాగేవాడు మానేశాక ఏమవుతాడన్నది ఏ ఎన్నికల్లోనూ ప్రశ్న కాలేదు. 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ విడుదల చేసిన ఎయిమ్స్ సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందింది.

అయితే మానడం మనవాళ్లకు చేతకాని పనేం కాదు. ఏటా చేసి చూపిస్తూనే ఉన్నారు.

కార్తీకం వస్తే నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ఊళ్లలో నల్లబట్టలు, ఎర్రబట్టలు కనిపిస్తాయి. అయ్యప్ప మాలైనా భవానీ మాలైనా మండల దీక్ష 41 రోజులు. ఏడాది పొడుగునా తాగినవాడు కూడా ఆ రోజుల్లో చుక్క ముట్టడు. ఇదంతా భక్తి మహిమ అని ఊరుకుంటే సగమే చూసినట్టు. తెల్లారుజామున చన్నీళ్ల స్నానం, పొద్దుగూకితే పీఠం దగ్గర భజన, పక్కన అదే నియమంలో ఉన్న పదిమంది, తడబడితే దారి చెప్పే గురుస్వామి. నిన్నటిదాకా ‘ఏరా’ అన్నవాళ్లే ‘స్వామీ’ అంటారు. తాగుడు జట్టు కూడా ఆ నలభై రోజులూ రమ్మని లాగదు. ఇరుముడి దించి మాల తీశాక ఆ పదిమందీ ఎవరి దారిన వాళ్లు పోతారు. సాయంత్రం ఆరయ్యేసరికి కూర్చునే చోటు ఉండదు. పాత జట్టు మాత్రం పాత చోటే ఉంటుంది. మాల తీసిన రాత్రే బాకీ తీర్చుకునేవాళ్ల గురించి ఊళ్లో నవ్వుకుంటారు గానీ, అది నవ్వుకునే సంగతి కాదు.

1935లో అమెరికాలోని ఏక్రన్‌లో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ ఎనానిమస్ (ఏఏ) నడిచే తీరు ఈ దీక్షకు మరీ దూరం కాదు. రుసుము లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే సభ్యత్వం. ముందు మానేసినవాడు కొత్తగా వచ్చినవాడికి తోడుంటాడు. ‘ఈ ఒక్కరోజు తాగను’ అనుకుంటే చాలు. అసలు తేడా ఏమిటంటే, అక్కడ మాల తీసే రోజంటూ లేదు. 10,565 మందిపై జరిగిన 27 అధ్యయనాలను 2020లో కాక్రేన్ సంస్థ సమీక్షించింది. ఏడాది గడిచాక పూర్తిగా మానేసి ఉన్నవాళ్లు ఈ దారిలో 42 శాతం, ఇతర చికిత్సల్లో 35 శాతం. అద్భుతమేం కాదు. కానీ ఖర్చు దాదాపు లేని పద్ధతికి అది చిన్న ఫలితం కూడా కాదు.

ఏఏ మీటింగులు మన దగ్గర ఎక్కువగా నగరాల్లోనే జరుగుతాయి. కీసర నుంచి విజయవాడ దాదాపు 40 కిలోమీటర్లు. కూలికి పోయేవాడు పని దిగి, బస్సెక్కి, మీటింగు చూసుకుని ఎప్పటికి ఇల్లు చేరాలి? అలాగని సొంత ఊళ్లో పెట్టినా చిక్కే. ఎవరు తాగుతారో ఊరందరికీ ముందే తెలుసు, దానికి సిగ్గు లేదు. ‘మీటింగుకి పోతున్నాడంట’ అనే మాటే గుచ్చుకుంటుంది. అందుకే జగ్గయ్యపేట మనిషికి నందిగామ, నందిగామ మనిషికి జగ్గయ్యపేట నయం కావచ్చు.

తమిళనాడులో ఇందుకు ఎదురు దారి పట్టారు. మద్యం వల్ల భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో నెలకొల్పిన టీటీ రంగనాథన్ ఫౌండేషన్, తర్వాత కావేరి డెల్టాలోని మంజక్కుడిలో శిబిరాలు పెట్టింది. ఊళ్లోనే రెండు వారాల చికిత్స, కుటుంబాలకూ కౌన్సెలింగు, ఆ తర్వాత కూడా వెంట ఉండి కనుక్కోవడం. ఊరే పూనుకుంటే సిగ్గు పలచబడుతుందని ఆ పల్లె చూపించింది.

ఒక హెచ్చరిక తప్పదు. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఉన్నపళంగా ఆపితే చేతులు వణకడంతో ఆగకపోవచ్చు. ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజుల్లో మతి తప్పి ప్రాణం మీదికి రావచ్చు. మాల వేసినా, మీటింగుకి పోయినా ముందు డాక్టరును కలవాలి. దారి తెలియనివాళ్లకు వ్యసనం మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలిమానస్ 14416 ఉన్నాయి. తాగే మనిషి కదలకపోయినా, ఇంట్లోవాళ్ల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ బృందాలు ఉన్నాయి.

డ్వాక్రా పుణ్యమా అని ఆడవాళ్లకు పొదుపు సంఘం ఉంది, కూర్చునే అలవాటుంది. మగవాళ్లకు అలాంటి చోటు కావాలంటే నందిగామలో ఒక బడి గది, వారానికో సాయంత్రం, మానేసి కొన్నేళ్లయిన ఒకరిద్దరు చాలు. ఏఏ బయటి సొమ్ము పుచ్చుకోదు కాబట్టి పథకానికి నాయకుడి పేరు పెట్టుకునే వీలుండదు. బహుశా అందుకే దాని మీద ఎవరి కన్నూ పడలేదు. సర్కారు చేయాల్సింది మాత్రం ఒకటుంది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డిశ్చార్జి చీటీలో మాత్రల పేర్ల కిందే, దగ్గర్లోని మీటింగు ఎక్కడ, ఏ వారం, ఎన్నింటికో రాసివ్వాలి.