పది మంది టెంటులో పడుకునేది ఆరుగురే

సంక్రాంతి సెలవులు దగ్గర పడితే చాలు, ఈ కాలమ్‌కి వచ్చే ప్రశ్నలన్నీ ఒకటే దారి పడతాయి. ఏ బైకు, ఏ ఫోను అనేవి పోయి ఏ టెంటు అని అడుగుతారు. ఈసారి వచ్చిన వాటిలో తుళ్లూరు తమ్ముడు ఒకరు రాసింది తీసుకుంటున్నా.

"ఇంట్లో ఏడుగురం. నానమ్మ, అమ్మ, నాన్న, అన్నయ్య, వదిన, వాళ్ల నాలుగేళ్ల పాప, నేను. సూర్యలంక, గండికోట వెళ్లాలని ప్లాన్. ఆన్‌లైన్‌లో పది మంది పట్టే టెంటు చూశా. తీసుకోవచ్చా? నానమ్మ మాత్రం, నాలుగేళ్లు టెంటు కింద కూర్చున్నది చాల్లేదా, మళ్లీ డబ్బులిచ్చి కొనుక్కుని పడుకోవాలా అంటోంది."

నానమ్మ మాట నవ్వులాటకి తీసుకోకండి. తుళ్లూరులో టెంటు అంటే ట్రెక్కింగ్ సామాను కాదు. 2015లో రాజధాని కోసం 29 గ్రామాల రైతులు ముప్పైవేల ఎకరాలకు పైగా భూములిచ్చారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే తుళ్లూరు, మందడం, వెలగపూడిలో దీక్షా శిబిరాలు లేచాయి. 2024 జూన్ దాకా నడిచాయి. వాటిలో ఎక్కువగా కనిపించింది ఆడవాళ్లే. రాజకీయం సంగతి ఈ కాలమ్‌ది కాదు. కానీ ఎండ, వాన, చలి అన్నీ ఒక గుడ్డ కింద కూర్చుని చూసిన మనిషికి యూట్యూబ్‌లో టెంట్ రివ్యూ చెప్పే కుర్రాడికన్నా ఎక్కువ తెలుసు.

అందుకే తమ్ముడూ, కార్ట్‌లో వేసేముందు నానమ్మ పక్కన కూర్చుని మూడు సంగతులు అడుగు. మిట్టమధ్యాహ్నం శిబిరంలో ఏ వైపుకి జరిగి కూర్చునేవాళ్లు? వాన పడితే నీళ్లు ముందు ఎక్కడి నుంచి వచ్చేవి? బాత్రూంకి ఎంత దూరం వెళ్లాల్సి వచ్చేది? ఆవిడ చెప్పే జవాబులే నీ టెంటుకి కావాల్సిన స్పెసిఫికేషన్లు.

ముందు ఆ ‘పది మంది’ లెక్క తేలుద్దాం. కంపెనీలు మనిషికి సుమారు రెండడుగుల వెడల్పు ఇచ్చి లెక్కేస్తాయి. అంటే అగ్గిపుల్లల్లా పక్కపక్కనే, కదలకుండా, బ్యాగులు బయట పెట్టి పడుకుంటే పది మంది. మన ఇళ్లల్లో నవారు మంచం వెడల్పే మూడడుగులు ఉంటుంది కదా. మనిషికి కనీసం రెండున్నర అడుగులు వేసుకుని, బట్టల సంచులు, నీళ్ల క్యాన్, పాప బొమ్మలు కూడా లోపలే అనుకుంటే పది మంది టెంటులో ఆరుగురు హాయిగా, ఏడుగురు సర్దుకుని పడుకుంటారు. ఎనిమిది మందిదైతే ఐదుగురు. నాలుగు మందిదంటే ఇద్దరూ, ఒక పాపా. పెట్టె మీద అంకె చూడొద్దు, లోపలి గది కొలతలు చూడు. సెంటీమీటర్లలో ఉంటే ముప్పైతో భాగిస్తే సుమారుగా అడుగులు వస్తాయి. ఆ కొలతకి ఇంట్లో హాల్లో సుద్దముక్కతో గీత గీసి, ఏడుగురినీ పడుకోమను. పావుగంట పని, రూపాయి ఖర్చు లేదు.

తర్వాత ఎత్తు. ఇది కుర్రాళ్లెవరూ పట్టించుకోరు. నీకు పాక్కుంటూ వెళ్లడం సరదా. మోకాళ్ల నొప్పులున్న నానమ్మకి అది శిక్ష. రాత్రి రెండుసార్లు లేవాల్సిన మనిషి అందరి మీద నుంచి పాక్కుంటూ బయటికి రావాలంటే, సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తుంది. ఆ పని చాలామంది పెద్దవాళ్లు చేస్తారు, మనకి చెప్పరు. మధ్యలో ఆరడుగుల ఎత్తు ఉండాలి. తలుపు నిలబడి దాటేలా ఉండాలి. రెండు తలుపులుంటే ఇంకా మంచిది. నానమ్మ పడక తలుపు పక్కనే. చీర కట్టుకునేవాళ్లు ఇంట్లో ఉన్నారంటే నిలబడే ఎత్తు సౌకర్యం కాదు, అవసరం.

ఇక ఎండ. శామియానాకి గోడలుండవు కాబట్టి గాలి ఇటు నుంచి అటు పోతుంది, ఎండలో కూడా కూర్చోగలం. మనం కొనే టెంటు అలా కాదు. నాలుగు వైపులా పాలిస్టర్. పొద్దున ఎండెక్కిందంటే లోపల ఇడ్లీ పాత్రే. రెంటచింతల 45 డిగ్రీలు దాటే జిల్లాల మధ్య ఉంటూ మే నెలలో టెంట్ ట్రిప్ వేయొద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మనకి సీజన్. అప్పుడైనా ఎనిమిదింటికల్లా బయటపడాలి. కొన్ని కంపెనీలు వెలుతురు రానివ్వని గుడ్డతో టెంట్లు చేస్తున్నాయి. డెకాథ్లాన్ వాళ్ల కెచువాలో ‘ఫ్రెష్ అండ్ బ్లాక్’ అనేది అలాంటిదే. పాప పొద్దున ఇంకాసేపు పడుకుంటుంది, వేడి కొంత తగ్గుతుంది. ధర మాత్రం తగ్గదు.

దానికన్నా చవకైన ఉపాయం మీ ఊళ్లోనే ఉంది. మిర్చి నారుకి వేసే షేడ్ నెట్. టెంటుకి ఒక అడుగు పైన, తగలకుండా, నాలుగు కర్రలకి లాగి కడితే నేరుగా పడే ఎండ అక్కడే ఆగిపోతుంది. మధ్యలో గాలి ఆడాలి, టెంటు మీదే పరిస్తే లాభం లేదు.

చలికాలంలో ఇంకో తలనొప్పి. పొద్దున లేచేసరికి లోపలి గుడ్డంతా తడి, బొట్లు బొట్లుగా మొహం మీద పడుతుంటాయి. ‘టెంటు కారుతోంది’ అని రిటర్న్ పెట్టేసేవాళ్లని చూశా. కారింది కాదు, అది మీ ఊపిరే. రాత్రంతా ఒక మనిషి ఊపిరిలో, చెమటలో వదిలే తేమ ఒక గ్లాసుకి తక్కువుండదు. ఏడుగురిది లెక్కేసుకో. ఇది మీ నాన్నకి బాగా తెలిసిన సంగతి. కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీద సాయంత్రం మంచుకి పట్టా కప్పుతారు, పొద్దున్నే తీసేస్తారు. తీయకపోతే కింద కాయ చెమటపట్టి మెత్తబడుతుంది. అదే సూత్రం ఇక్కడా. లోపలి గది పైభాగం దోమతెర గుడ్డతో ఉండాలి, దాని మీద వాన గుడ్డ వేరుగా, మధ్యలో ఖాళీతో ఉండాలి. పైన గాలి కిటికీలు రాత్రంతా తెరిచే ఉంచాలి. రెండు మూడు వేలకి దొరికే ఒంటి పొర టెంట్లలో ఇది ఉండదు. చలేస్తోందని అన్నీ మూసేస్తే తెల్లారేసరికి దుప్పట్లు పిండుకోవాలి.

వాన గుడ్డకి ‘2000 మి.మీ.’ లాంటి అంకె ఒకటి ఉంటుంది. ఆ గుడ్డ మీద రెండు మీటర్ల ఎత్తు నీళ్లు నిలబెట్టినా వెంటనే దిగవు అని అర్థం. మన వానలకి అది చాలు. కానీ నీళ్లు గుడ్డలోంచి కాదు, కుట్ల దగ్గర నుంచి వస్తాయి. కుట్ల మీద లోపల టేపు అతికించి ఉందో లేదో వేలు పెట్టి చూడు. అడుగున పట్టా పరిచేటప్పుడు అది టెంటుకన్నా కాస్త చిన్నగా ఉండాలి, అంచులు బయటికి రాకూడదు. వస్తే వాన నీళ్లన్నీ పట్టేసి మీ నడుం కిందకి పంపిస్తుంది. పత్తి తీసేసిన చేలో మాత్రం టెంటు వేయకండి. మోళ్లు అడుగు గుడ్డని చీల్చేస్తాయి.

మేకుల సంగతి పెట్టె మీద ఎవరూ రాయరు. మన నల్లరేగడి ఎండితే రాయి, తడిస్తే వెన్న. ఎండాక నెర్రెలిస్తుంది, ఆ నెర్రెలో దిగిన మేకు నెర్రెతోనే వదులైపోతుంది. టెంటుతో వచ్చే సన్న తీగ మేకులు దీనికి పనికిరావు. వెల్డింగ్ షాపులో అడుగు పొడవు ఇనుప చువ్వలు ఓ పదహారు, ఒక చివర వంచి ఇమ్మంటే ఇస్తారు. సూర్యలంకలో ఇసుక. అక్కడ ఏ మేకూ ఆగదు. ఖాళీ యూరియా సంచుల్లో ఇసుక నింపి, నడుముకి తాడు కట్టి, అడుగున్నర లోతులో అడ్డంగా పాతిపెట్టండి. గండికోటలో బండ. తాళ్లు పెద్ద రాళ్లకి చుట్టాల్సిందే. ఎత్తైన పెద్ద టెంటు గాలికి తెరచాప లాంటిది, పక్కలకి లాగే తాళ్లు ఒక్కటి కూడా కట్టకుండా వదలొద్దు.

ఇప్పుడు ఇంకో గుడారం గురించి చెప్పాలి. జనవరి నుంచి తుళ్లూరు, తాడికొండ, ప్రత్తిపాడు రోడ్ల పక్కన చేల గట్ల మీద నీలం, నలుపు పట్టాలు వరసగా కనిపిస్తాయి. కోసిగి, కౌతాళం, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి పత్తి తీయడానికి, మిరపకాయ కోయడానికి వచ్చిన కుటుంబాలవి. వాళ్లు దీన్ని సుగ్గి అంటారు. పిల్లాజెల్లాతో వచ్చి నెలల తరబడి ఆ పట్టా కిందే ఉంటారు. బడికి వెళ్లాల్సిన పిల్లలు కూడా అందులోనే. రీల్‌లో ‘టెంట్ లైఫ్’ అని పెట్టే ముందు ఒకసారి కారు ఆపి చూడండి. నేను చూసినవన్నీ నడుమెత్తులోనే ఉన్నాయి, గాలికి ఎగరకుండా. పొయ్యి బయటే, మూడు రాళ్ల మీద. చుట్టూ నీళ్లు పోవడానికి చిన్న కాలవ. వాళ్లు ఎంచుకుని కొన్న టెంట్లు కావవి. ఉన్న దాంతో బతుకుతున్నారు, మనకి పాఠం అని చెప్పి మురిసిపోవడం నాకిష్టం లేదు.

కానీ ఒకటి మాత్రం అక్కడి ఆడవాళ్లని చూస్తే అర్థమవుతుంది. చీకటితో లేచి వెళ్లాలి, లేదంటే మళ్లీ చీకటి పడేదాకా ఆగాలి. ఫ్యామిలీ టెంట్ ట్రిప్‌లు మొదటిసారితోనే ఎందుకు ఆగిపోతాయో తెలుసా? దోమల వల్ల కాదు, వాన వల్ల కాదు. అమ్మ, వదిన ‘ఇంకెప్పుడూ రాం’ అంటారు, కారణం చెప్పరు. చోటు చూసేటప్పుడు వ్యూ తర్వాత చూడు, ముందు టాయిలెట్ ఎంత దూరం, రాత్రి దారిలో లైటుందా, లోపల నీళ్లున్నాయా అని ఫోన్ చేసి కనుక్కో. లేదంటే నిలువుగా గదిలా లేచే చిన్న టాయిలెట్ టెంటు ఒకటి, మడత కమోడ్ ఒకటి కొను. పెద్ద టెంటులో ఒక గది తగ్గించుకునైనా సరే ఇది కొను. శిబిరంలో కూర్చున్న నానమ్మ ఈ మాట కాదనదు.

పాముల సంగతికి వస్తే, మన మైదానాల్లో కట్లపాము రాత్రిళ్లు తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి వస్తుంది. కాటు పెద్దగా నొప్పి కూడా ఉండదు, అదే ప్రమాదం. అడుగు గుడ్డ గోడలతో కలిపి కుట్టి, జిప్పు నేల దాకా మూసుకునే టెంటైతే లోపలికి రాలేదు. జిప్పు మూస్తేనే సుమా. ఒక్క నిమిషమే కదా అని తెరిచి వెళ్లే అలవాటు అన్నయ్యకుంటే ఇంట్లోనే మాన్పించు. కాటు అనుమానం వచ్చినా మంత్రం, నాటు వైద్యం అనకుండా నేరుగా పెద్దాసుపత్రికే.

లోపల పొయ్యి, కుంపటి, బొగ్గులు, దోమల చుట్ట ఏదీ వద్దు. చలికి బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుని నిద్రలోనే పోయిన కుటుంబాలున్నాయి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. పాలిస్టర్ అంటుకుంటే బయటికి రావడానికి క్షణాలే.

ఇంకో హెచ్చరిక. మీకు దగ్గరని కృష్ణ ఇసుక తిన్నెల మీద వేయొద్దు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది కదా, అంత అక్కర్లేదు, ఎగువ నుంచి కాస్త నీళ్లు వదిలినా రాత్రికి తిన్నె మాయం. నల్లమలలో పులుల అభయారణ్యం హద్దుల్లో అటవీ శాఖ అనుమతి లేకుండా ఎక్కడా దిగొద్దు. సూర్యలంకలోనూ రాత్రి ఉండాలంటే స్థానిక పోలీసులను ముందే అడగడం మంచిది.

సరే, ఏది కొనాలి? నా మాటగా అయితే పది మందిది వద్దు. ఇరవై కిలోల దాకా తూగే మూట, కారు డిక్కీ సగం దానికే. వేయడానికి నలుగురు కావాలి, గాలొస్తే ఆపడం కష్టం. ఎనిమిది మంది టెంటు ఒకటి, రెండు గదులది, నిలబడే ఎత్తుది తీసుకో. అందులో నానమ్మ, అమ్మ, వదిన, పాప, నాన్న. ముగ్గురిది చిన్నది ఒకటి తీసుకుని నువ్వూ అన్నయ్యా పక్కన పడండి. వదినని అడిగి ఈ ఏర్పాటు చెయ్యి, నా మీద పెట్టకు. గండికోటలో టెంట్లు అద్దెకిచ్చేవాళ్లున్నారు, ఏడాదికి ఒక్కసారే వెళ్తారంటే మొదటిసారి అద్దెకే తీసుకో.

కొన్నాక ఎండలో రోజుల తరబడి నిలబెట్టి ఉంచొద్దు, పాలిస్టర్ ఎండకి పెళుసెక్కుతుంది. తడితో మడిచి పెడితే రెండు రోజుల్లో బూజు, ఆ వాసన ఇక పోదు. మొత్తం ఆరాకే మడవాలి. ధాన్యం బస్తాల గదిలో, పత్తి పక్కన పెట్టొద్దు, ఎలకలు కొరికేస్తాయి. అటక మీద ఇనుప పెట్టె ఉంటే అందులో పెట్టు.

రిటర్న్ గడువు దాటకముందే ఒక రాత్రి మీ డాబా మీద వేసి చూడండి. డాబాకి మేకులు దిగవు, ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లకి తాళ్లు కట్టండి. నానమ్మకి నేల మీద లేవడం కష్టమైతే మడత మంచం ఒకటి లోపలికి పడుతుందా, తలుపు దగ్గర ఇరుక్కుంటోందా అన్నది అప్పుడే తెలుస్తుంది. మంచం కాళ్ల కింద పాత గోనె సంచి ముక్కలు వేయడం మర్చిపోవద్దు, అడుగు గుడ్డ చిరుగుతుంది.